కణజీవశాస్త్రవేత్త ప్రభావాన్ని దేన్ని బట్టి అంచనా వేయాలి? యోషినొరి ఒసుమి కెరీర్ ఆధారంగా ఒక సమాధానం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీరు కణజీవశాస్త్రంలో పీహెచ్‌డీ ముగింపుకొచ్చారు. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం) కోసం ల్యాబ్‌లు వెతుకుతూ ఒక్కొక్క ప్రొఫెసర్ హెచ్-ఇండెక్స్ (పేపర్లనూ వాటి సైటేషన్లనూ కలిపి వేసే ఒక అంకె), మొత్తం సైటేషన్లు (ఇతరులు తమ పేపర్లలో ఉదహరించిన సార్లు), ఏయే జర్నల్స్‌లో పేపర్లు వచ్చాయి అన్నవి పట్టికగా రాసుకుంటున్నారు. అంతలో ఆటోఫేజీ (కణం తనలోని భాగాల్ని తానే అరిగించుకోవడం) పరిశోధనకు 2016లో ఒక్కరే నోబెల్ అందుకున్న యోషినొరి ఒసుమి గురించి చదివారు. 43 ఏళ్లు వచ్చేదాకా ఆయనకు సొంత ల్యాబే లేదు. ఆయన అన్నిటికన్నా ముఖ్యమైన పేపర్లలో ఒకటి ఓ మామూలు జర్నల్లో వచ్చింది. మీ పట్టికలో పెడితే ఆయన ఎక్కడో అడుగున ఉండేవారు. అలాంటప్పుడు శాస్త్రవేత్త ప్రభావం అంటే అసలు ఏమిటి, దాన్ని ముందే ఎలా పసిగట్టాలి అని అడిగారు.

నేను ఈ రంగంలో చాలాకాలంగా పనిచేస్తున్నాను, ఎంపిక కమిటీల్లోనూ కూర్చున్నాను. నేను చూసేది ఒక్కటే: ఆ శాస్త్రవేత్త పని బయటికొచ్చాక, ఆయనతో ఏ సంబంధమూ లేని ల్యాబ్‌లు అంతకుముందు చేయలేని ఏ ప్రయోగం చేయగలిగాయి? దీనికి జవాబు దొరికితే ప్రభావం ఉన్నట్టు. దొరక్కపోతే, సైటేషన్లు ఎన్ని ఉన్నా నాకు నమ్మకం కుదరదు. ఒసుమి కథ దీన్ని బాగా చూపిస్తుంది కాబట్టి దాన్నే కాస్త వివరంగా చెబుతాను.

ఆయన 1945లో ఫుకువోకాలో పుట్టారు. టోక్యో విశ్వవిద్యాలయంలో ఈ.కోలై బ్యాక్టీరియా మీద పనిచేసి 1974లో డాక్టరేట్ తీసుకున్నారు. తర్వాత న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెరాల్డ్ ఎడెల్మన్ దగ్గర పోస్ట్‌డాక్. ఎడెల్మన్ అప్పటికే, 1972లో, యాంటీబాడీల నిర్మాణం మీద నోబెల్ అందుకున్నవాడు. అంత పెద్ద ల్యాబ్‌లో ఒసుమి మొదట ఎలుక పిండాల మీద పని మొదలుపెట్టారు. అది సాగలేదు. ఈస్ట్‌లో డీఎన్ఏ ప్రతికృతి వైపు మళ్లారు. అక్కడ ఈస్ట్ కణాల్ని పగలగొట్టి కేంద్రకాల్ని వేరుచేసేటప్పుడు, సెంట్రిఫ్యూజ్ గొట్టంలో పైన తేలే పొరలో వాక్యూల్స్ (కణంలోని పెద్ద సంచుల్లాంటి భాగాలు) పేరుకోవడం ఆయన గమనించారు. ఆ ప్రయోగానికి కావాల్సింది కేంద్రకాలు, పైన తేలేది పారబోసే భాగం. ఒసుమి దృష్టి మాత్రం ఆ పొర మీద పడింది.

1977లో టోక్యోకి తిరిగొచ్చి యసుహిరో అన్రకు దగ్గర సహాయక పరిశోధకుడిగా చేరి, ఆ వాక్యూల్స్‌నే పట్టుకున్నారు. ఈస్ట్‌లో వాక్యూల్ అంటే మన కణాల్లో పదార్థాల్ని అరిగించే సంచికి, అంటే లైసోసోమ్‌కి, సాటి. అప్పట్లో చాలామంది దాన్ని కణం చెత్తబుట్టగానే చూసేవారు, దాని మీద పనిచేసేవాళ్లు తక్కువ. ఆయన శుభ్రమైన వాక్యూల్స్‌ని వేరుచేసి, వాటి పొర గుండా అమైనో ఆమ్లాలు ప్రోటాన్ల ఒత్తిడితో లోపలికి వెళ్తాయని చూపించారు. ఆ పేపర్లు 1980ల మొదట్లో వచ్చాయి. పద్ధతైన బయోకెమిస్ట్రీ, సంచలనం ఏమీ లేదు. 1988 దాకా, అంటే పదేళ్లకు పైగా ఇదే పని. పోటీ ఎక్కువున్న చోట పరుగెత్తడం తనకు నచ్చదని ఆయనే చాలాసార్లు చెప్పారు.

1988లో టోక్యో విశ్వవిద్యాలయం కోమబా క్యాంపస్‌లో అసోసియేట్ ప్రొఫెసర్‌గా చిన్న సొంత ల్యాబ్ వచ్చింది. అక్కడ చేసిన ప్రయోగాన్ని మీరు దగ్గరగా చూడాలి, ఎందుకంటే తర్వాత జరిగిన ప్రతిదీ దాని నుంచే వచ్చింది.

ఆటోఫేజీ అనే ప్రక్రియ ఉందని అప్పటికే తెలుసు. లైసోసోమ్‌ని 1950ల్లో కనిపెట్టిన క్రిస్టియన్ డి డ్యూవ్ 1963లో దీనికి ఆ పేరు పెట్టాడు. కణం తనలోని భాగాన్నే రెండు పొరల సంచిలో చుట్టి, లైసోసోమ్‌కి చేర్చి అరిగించుకుంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో ఎలుక కాలేయ కణాల్లో ఈ సంచులు కనిపించాయి. కానీ పాతికేళ్లు గడిచినా దీన్ని నడిపించే ప్రోటీన్ ఒక్కటీ తెలియదు, జన్యువు ఒక్కటీ తెలియదు. సంచి ఏర్పడటం, అరిగిపోవడం నిమిషాల్లో అయిపోతుంది. ఫొటోలు ఉన్నాయి గానీ పట్టుకుని లాగడానికి కొస లేదు.

ఒసుమి ఆలోచన ఇదీ. ఈస్ట్‌కి నైట్రోజన్ అందకుండా చేస్తే అది తనను తాను తిని బతకాలి. అలా తింటే ఆ పదార్థం వాక్యూల్‌లోకే చేరాలి. చేరగానే అరిగిపోతే మనకేమీ కనబడదు. కాబట్టి అరిగించే ఎంజైమ్‌లు, అంటే ప్రోటీజ్‌లు, పనిచేయని స్ట్రెయిన్ (ఈస్ట్ రకం) తీసుకుని దాన్ని ఆకలికి గురిచేస్తే, లోపలికి వచ్చింది వచ్చినట్టే నిలిచిపోవాలి. ఈస్ట్ వాక్యూల్ పెద్దది, మామూలు లైట్ మైక్రోస్కోప్‌లోనే గుండ్రంగా, ఖాళీగా కనబడుతుంది. ఆకలిపెట్టిన కొన్ని గంటల్లో ఆ ఖాళీ గదిలో చిన్న చిన్న గోళాలు చేరి, అటూ ఇటూ ఆగకుండా కదులుతూ, చివరికి వాక్యూల్ నిండా కిక్కిరిసిపోయాయి. మిసుజు బాబా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే ఒక్కో గోళంలో సైటోప్లాజమ్ (కేంద్రకం చుట్టూ ఉండే కణ పదార్థం) ముక్క ఉంది. ఇది 1992లో జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీలో వచ్చింది.

ఈ ప్రయోగంలో ఖరీదైనది ఏదీ లేదు. ప్రోటీజ్ లేని స్ట్రెయిన్‌లు అప్పటికే చాలా ల్యాబ్‌ల్లో ఉన్నాయి, మైక్రోస్కోప్ అందరికీ ఉంది. వాక్యూల్‌ని పదేళ్లు చూసినవాడికి మాత్రమే ఈ రెండింటినీ ఇలా కలపాలని తోచింది. పట్టికలో ఖాళీగా కనిపించే ఆ పదేళ్లే ఈ ప్రయోగానికి పెట్టుబడి అని నా అభిప్రాయం.

ఆ తర్వాతి మెట్టు జన్యువులు. ఆయన విద్యార్థిని మికి త్సుకడ ఈస్ట్‌లో యాదృచ్ఛిక మ్యుటేషన్లు కలిగించి, ఆకలిపెట్టినా వాక్యూల్‌లో గోళాలు చేరని మ్యూటెంట్ (జన్యువు మారిన ఈస్ట్) కోసం మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటిగా వెతికింది. ఒకటి దొరికింది. దాన్ని పరీక్షిస్తే, నైట్రోజన్ లేకుండా కొన్ని రోజులు ఉంచితే మామూలు ఈస్ట్ కన్నా ముందే చచ్చిపోతుందని తెలిసింది. దీంతో పని ఒక్కసారిగా తేలికైంది. వేలాది మ్యూటెంట్లలో ఆకలికి త్వరగా చనిపోయేవాటిని ముందు ఏరి, వాటిని మాత్రమే మైక్రోస్కోప్‌లో చూస్తే చాలు. అలా 15 జన్యువుల జాబితా వచ్చింది. 1993లో ఎఫ్ఈబీఎస్ లెటర్స్ అనే జర్నల్లో, ఇద్దరే రచయితలతో, కొద్ది పేజీల్లో అచ్చయింది.

ఇక్కడ ఆగి మీ పట్టిక సంగతి చూద్దాం. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్క వేసేది, గత రెండేళ్లలో వచ్చిన పేపర్లకు ఈ ఏడాది పడిన సైటేషన్లతో. 1993 పేపరుకి ఆ రెండేళ్ల కిటికీ 1995తో మూసుకుపోయింది. ఆ 15 జన్యువుల విలువ బయటపడింది ఆ తర్వాతే. వాటిని ఒక్కొక్కటిగా క్లోన్ చేస్తే చాలావాటి సీక్వెన్స్ అప్పటికి తెలిసిన ఏ ప్రోటీన్‌నీ పోలలేదు. ఏం చేస్తాయో ఊహించడానికి కూడా ఆధారం లేదు. 1998లో, ఒసుమి అప్పటికే ఒకజాకిలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ బేసిక్ బయాలజీకి మారాక, నొబొరు మిజుషిమ తదితరులు ఏటీజీ12 (ఈ ఏటీజీ పేర్లు తర్వాత స్థిరపడ్డవి) అనే ప్రోటీన్ ఏటీజీ5కి రసాయనబంధంతో అతుక్కుంటుందని చూపించారు. ఈ అతికే తీరు, ఇతర ప్రోటీన్లకి గుర్తుగా అతుక్కునే యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ని పోలి ఉంటుంది. 2000లో ఇంకో విచిత్రం: ఏటీజీ8 అనే ప్రోటీన్ మరో ప్రోటీన్‌కి కాక ఏకంగా పొరలోని కొవ్వు అణువుకే అతుక్కుంటుంది. అదే ఏడాది తమొత్సు యోషిమొరి బృందం ఏటీజీ8కి మన కణాల్లో సాటి ప్రోటీన్ ఎల్‌సీ3 అనీ, అది ఆటోఫేజీ సంచుల పొర మీదే ఉంటుందనీ చూపించింది.

ఈ ఎల్‌సీ3తో ఆటోఫేజీ అందరి చేతికీ అందింది. ప్రోటీన్‌కి పచ్చగా మెరిసే జీఎఫ్‌పీ తగిలిస్తే చాలు, ఏ కణంలోనైనా సంచులు పచ్చ చుక్కలుగా కనిపిస్తాయి. క్యాన్సర్ ల్యాబ్, నాడీశాస్త్ర ల్యాబ్, టీబీ బ్యాక్టీరియా మీద పనిచేసే ల్యాబ్, ఎవరైనా చేయొచ్చు. వాళ్లలో చాలామంది ఈస్ట్‌ని ఎప్పుడూ పెంచి ఉండరు, ఒసుమిని చూసి ఉండరు. నేను మొదట చెప్పిన కొలత ఇదే.

అక్కడి నుంచి ఏం జరిగిందో త్వరగా చెబుతాను. 2004లో ఏటీజీ5 లేని ఎలుక పిల్లలు పుట్టిన రోజులోపే చనిపోతాయని తేలింది. తల్లి నుంచి పోషణ ఆగి పాలు మొదలయ్యే మధ్య ఆకలిని అవి తట్టుకోలేవు. 2006లో మెదడు కణాల్లో మాత్రమే ఆటోఫేజీని ఆపేస్తే ప్రోటీన్ గడ్డలు పేరుకుని నాడీక్షయం వస్తుందని రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. 2007లో పేగులకి వచ్చే క్రోన్స్ వ్యాధి ముప్పుకి ఏటీజీ16ఎల్1 జన్యువులోని ఒక మార్పుతో సంబంధం ఉందని జన్యు సర్వేల్లో బయటపడింది. దీని మీద పనిచేసినవాళ్లు ఆటోఫేజీ కోసం వెతకలేదు. వ్యాధి కోసం వెతుకుతుంటే ఈస్ట్ జాబితాలోని పేరు ఎదురైంది.

ఇంకో విషయం. ఒసుమి ఒక్కరే ఈ జన్యువుల్ని పట్టలేదు. జర్మనీలో మైకేల్ థుమ్ బృందం వేరే పద్ధతిలో 1994లో ఆటోఫేజీ మ్యూటెంట్లు తీసింది. అది కూడా ఎఫ్ఈబీఎస్ లెటర్స్‌లోనే వచ్చింది. అమెరికాలో డేనియల్ క్లియొన్‌స్కీ ఆటోఫేజీతో సంబంధం లేదనుకున్న సమస్య మీద పనిచేశాడు: ఒక ఎంజైమ్ సైటోప్లాజమ్ నుంచి వాక్యూల్‌కి ఎలా చేరుతుంది? అతని మ్యూటెంట్లనూ ఒసుమి మ్యూటెంట్లనూ పోల్చి చూస్తే చాలామటుకు అవే జన్యువులు. ఒక్కో జన్యువుకి మూడేసి పేర్లు ఉండి చదివేవాళ్లకి తల తిరిగేది. 2003లో అందరూ కలిసి ఏటీజీ అనే ఒకే పేరుకి ఒప్పుకున్నారు. నాకు ఇందులో కనిపించేది, వేర్వేరు దారుల్లో బయలుదేరిన ముగ్గురు ఒకే యంత్రం దగ్గర కలుసుకోవడం. ఒక ఫలితం నిజమనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం మన శాస్త్రంలో అరుదు. ఏ ల్యాబ్ గురించైనా వాకబు చేసేటప్పుడు, వాళ్లతో పోటీపడే ల్యాబ్‌లకి అదే ఫలితం వచ్చిందా అని తప్పకుండా చూడండి.

సైటేషన్ల గురించి నా అసలు అభ్యంతరం ఆటోఫేజీ రంగంలోనే ఉన్న ఒక ఉదాహరణతో చెబుతాను. వెస్టర్న్ బ్లాట్‌లో, అంటే ప్రోటీన్లని పట్టీలుగా చూపే పరీక్షలో, ఎల్‌సీ3కి రెండు పట్టీలు వస్తాయి. కొవ్వుకి అతుక్కున్నది ఎల్‌సీ3-2, అది కింది పట్టీ. మందు వేశాక కింది పట్టీ ముదిరితే ఆటోఫేజీ పెరిగిందని రాసేసిన పేపర్లు కొల్లలు. కానీ సంచులు ఎక్కువ తయారైనా ఆ పట్టీ ముదురుతుంది, తయారైనవి అరగకుండా ఆగిపోయినా ముదురుతుంది. అంటే ఆటోఫేజీ పెరిగినా, అడ్డుపడినా బ్లాట్ ఒకేలా ఉంటుంది. తేడా తెలియాలంటే లైసోసోమ్‌లో ఆమ్లత్వాన్ని ఆపే బఫిలోమైసిన్ వేసి, వేయకుండా, రెండు రకాలుగా పోల్చాలి. మందుతో పాటు బఫిలోమైసిన్ వేసినప్పుడు, ఒక్క బఫిలోమైసిన్ వేసినప్పటికన్నా పట్టీ ఇంకా ముదిరితేనే ప్రవాహం, అంటే సంచులు తయారై అరిగే వేగం, నిజంగా పెరిగినట్టు. ఈ తప్పులు పెరిగిపోవడంతో క్లియొన్‌స్కీ చొరవతో 2008లో ఆటోఫేజీని ఎలా కొలవాలో చెప్పే మార్గదర్శకాలు వచ్చాయి. వాటిని 2012, 2016, 2021లో తిరగరాశారు. చివరి రెండింటిలో రచయితల సంఖ్య వేలల్లో ఉంది. ఆ పేపర్లు చాలా ఉపయోగకరం, మా ల్యాబ్‌లో చేరే ప్రతివారితోనూ చదివిస్తాను. అయితే అందులో పేరున్న ప్రతి ఒక్కరి ఖాతాలోనూ వేలాది సైటేషన్లు పడతాయి. మీరు తయారు చేసుకున్న పట్టికకి ఈ సంగతి తెలియదు.

హెచ్-ఇండెక్స్ సమస్య మరోటి. జోర్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో దీన్ని ప్రతిపాదించాడు. కనీసం 20 సైటేషన్లున్న పేపర్లు 20 ఉంటే హెచ్ 20. ఒక పేపరు మొత్తం రంగాన్నే తెరిచినా ఆ లెక్కలో అది ఒకటే. 1993లో ఒసుమి హెచ్-ఇండెక్స్ ఎవరైనా వేసి ఉంటే అందులో ఆ 15 జన్యువుల జాడ ఉండేది కాదు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని మనుషుల్ని కొలవడానికి వాడకూడదని గట్టిగా చెప్పినవాళ్లలో ముందువరుసలో ఉన్న పెర్ సెగ్లెన్ ఆటోఫేజీ శాస్త్రవేత్తే. 3-మిథైల్ అడెనైన్ అనే రసాయనం ఆటోఫేజీని ఆపుతుందని 1982లో చూపించిన నార్వే పరిశోధకుడు ఈయన. 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో లెక్కలు చూపించి మరీ రాశాడు: జర్నల్‌కి వచ్చే సైటేషన్లలో సగం, అందులోని 15 శాతం పేపర్ల వల్లే వస్తాయి. అంటే పెద్ద జర్నల్లో వచ్చిన పేపర్లలో ఎక్కువ భాగం ఆ జర్నల్ సగటుకి అందవు. 2012 డిసెంబరులో అమెరికన్ సొసైటీ ఫర్ సెల్ బయాలజీ వార్షిక సమావేశం సందర్భంగా శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘డోరా’ ప్రకటన రూపుదిద్దుకుంది. నియామకాల్లో, నిధుల్లో జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని వాడొద్దన్నది దాని సారాంశం. కణజీవశాస్త్రవేత్తలే ఇది మొదలుపెట్టడం నాకు గర్వంగా ఉంటుంది.

ఇంత చెప్పాక ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఒసుమిని చూసి అంకెల్ని పూర్తిగా వదిలేయమని మీకు చెప్పలేను. పదేళ్లు ఒక సీనియర్ ప్రొఫెసర్ నీడలో నెమ్మదిగా పనిచేసుకునే వీలు అప్పటి జపాన్ వ్యవస్థ ఆయనకి ఇచ్చింది. అంతే ఓపికతో పనిచేసి, ఉద్యోగం నిలవక రంగం వదిలేసినవాళ్ల పేర్లు మనకి తెలియవు. ఈ సంగతి ఆయనకీ తెలుసనే అనుకుంటాను. నోబెల్ తర్వాత, 2017లో, వెంటనే లాభం కనిపించని మౌలిక పరిశోధనకి సాయం చేయడానికి ఆయన తన పేరున ఫౌండేషన్ పెట్టారు. మీ దరఖాస్తు చూసే కమిటీల్లో పేపర్లు లెక్కపెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. కాబట్టి మీరు చేరే ల్యాబ్‌లో రెండుమూడేళ్లలో మొదటి రచయితగా కనీసం ఒక గట్టి పేపరు వచ్చే అవకాశం ఉందో లేదో చూసుకోవడంలో తప్పేమీ లేదు.

ఇంకో పక్కవిషయం, మీరు అడగకపోయినా. ఇన్ని గంటలు ఉపవాసం ఉంటే మేలని ఒసుమి నిరూపించారు, అందుకే నోబెల్ వచ్చింది అని సోషల్ మీడియాలో తిరుగుతూ ఉంటుంది. అది నిజం కాదు. ఆయన ఆకలిపెట్టింది ఈస్ట్‌ని. నోబెల్ వచ్చింది ఆటోఫేజీ యంత్రాంగం కనిపెట్టినందుకు. మనిషి ఎన్ని గంటలు తినకుండా ఉండాలో ఆ పేపర్లలో ఎక్కడా లేదు. ఒక శాస్త్రవేత్త పేరు ఎంత వినబడుతోంది అన్నదాన్ని ప్రభావంగా తీసుకోకపోవడానికి ఇదొక కారణం.

ఇక మీరు చేయాల్సిన పని. పట్టికలో ఉన్న ఒక్కొక్క ప్రొఫెసర్‌కి పదేళ్లు పైబడిన పేపరు ఒకటి ఎంచుకోండి. దాన్ని ఉదహరించిన పేపర్లలో ఆ ల్యాబ్‌తో సంబంధం లేనివి ఓ పది పదిహేను తెరవండి. ఎక్కడ ఉదహరించారో చూడండి. పరిచయం మొదటి వాక్యంలో మరో ఆరు పేపర్లతో కలిపి ఉదహరిస్తే అది మర్యాద. పద్ధతుల విభాగంలో ఆ స్ట్రెయిన్ వాడాం, ఆ ప్లాస్మిడ్ (జన్యువును మోసే డీఎన్ఏ వలయం) ఫలానావారు పంపారు అని ఉంటే, లేదా ఫలితాల విభాగంలో ఆ పేపరు మీద ఆధారపడి కొత్త ప్రయోగం కట్టుకుంటే అది ప్రభావం. కృతజ్ఞతల పేరా కూడా చదవండి. అడిగినవాళ్లకి తమ సామగ్రి పంచే ల్యాబ్‌ల పేర్లు అక్కడ పదేపదే కనిపిస్తాయి.

తర్వాత ఆ ల్యాబ్ నుంచి బయటికెళ్లినవాళ్లని చూడండి. ఒసుమి దగ్గర ఈస్ట్ మీద పనిచేసిన మిజుషిమ అసలు వైద్యం చదివినవాడు. అక్కడ నేర్చుకున్నది ఎలుకల్లోకి తీసుకెళ్లి, తనదైన పెద్ద ల్యాబ్ కట్టాడు. యోషిమొరి అంతకుముందే, 1991లో, బఫిలోమైసిన్ లైసోసోమ్‌లో ప్రోటీన్ అరగడాన్ని ఆపుతుందని చూపించినవాడు. ఒకజాకికి వచ్చి క్షీరదాల వైపు పని నడిపించాడు. ఈ ఇద్దరూ తర్వాత ఒసుమితో సమానంగా తమ సొంత ప్రశ్నల మీద పేరు తెచ్చుకున్నారు. మీరు చేరాలనుకునే ల్యాబ్ నుంచి వెళ్లినవాళ్లు తమ ప్రాజెక్టును వెంట తీసుకెళ్లగలిగారా, గైడ్ పేరు లేకుండా పేపర్లు రాస్తున్నారా? పాత సభ్యులు ఇద్దరికి మెయిల్ పెట్టి నేరుగా అడగండి. చాలామంది నిజాయితీగానే చెబుతారు.

వీలైతే ఆ 1992, 1993 పేపర్లు రెండూ ఒకే రోజు కూర్చుని చదవండి. 1992 పేపర్లోని ఫొటోల దగ్గర ఆగి, తర్వాత ఏ ప్రయోగం చేస్తారో మీరే ఒక కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాత 1993ది తెరవండి.